నన్ను బండ మీదే దించుతారు: ఒక గాలి మిషను ఆత్మకథ

నా ఒంట్లో ఎప్పుడూ లీటరుకు పైగా పెట్రోలు ఉంటుంది. దానికి జానెడు దూరంలో సైలెన్సరు. అరగంట పనిచేశానంటే ఆ సైలెన్సరు తగిలిన చెయ్యి తోలు ఊడి వస్తుంది. ఇంత చమురునూ ఇంత వేడినీ కలిపి వీపున కట్టుకుని ఒక మనిషి ఆరేళ్లుగా నల్లమల ఎండుటాకుల్లో తిరుగుతున్నాడు. ఇంతవరకూ నా చమురు వల్ల గానీ నా వేడి వల్ల గానీ ఒక్క ఆకు అంటుకోలేదు. అలసిపోయి నన్ను దించాలనుకున్నప్పుడు ఆయన ముందు నాలుగు దిక్కులూ చూస్తాడు. బండ కనబడితే బండ మీద దించుతాడు. లేకపోతే కాలితో ఆకులన్నీ పక్కకు తోసి, కింద ఎర్రమట్టి బయటపడ్డాక ఆ మట్టి మీద దించుతాడు. పెట్రోలు పోయాలంటే ఇంజిను ఆపి, నేను చల్లారేదాకా పక్కన కూర్చుంటాడు. ఎంత తొందరున్నా సరే, కూర్చుంటాడు. నా కథ ఎక్కడ మొదలుపెట్టాలా అని ఆలోచిస్తే నాకు ముందు గుర్తొచ్చేది ఆయన అలా కూర్చోవడమే.

కాగితాల మీద నా పేరు లీఫ్ బ్లోయర్. ఇక్కడ అందరూ గాలి మిషను అంటారు. బరువు పది కిలోలు. ఏనుగు తొండంలా ఒక గొట్టం ముందుకు చాచి ఉంటుంది. పెట్రోల్లో టూటీ ఆయిలు కలిపి పోసి, తాడు రెండు మూడుసార్లు గుంజితే లేస్తాను. లేచానంటే పక్కవాడి మాట పక్కవాడికి వినబడదు. నాలాంటి మిషన్లను తోటల్లో, పార్కుల్లో రాలిన ఆకులు ఊడవడానికి తయారు చేశారట. నాకు మాత్రం అమ్రాబాద్ పులుల అడవి రాసిపెట్టి ఉంది. అట్టపెట్టెలోంచి తీసి, జీపులో వేసి, మన్ననూరు తెచ్చారు. మర్నాడే, అడవికి కాపలా కాసే ఒక చెంచు వాచర్ వీపు మీదికి ఎక్కాను. ఆయన కింద పనిచేసే కుర్రాడు ఆయన్ని మామా అంటాడు. నాకూ ఆయన మామే.

ఈ అడవి 2,611 చదరపు కిలోమీటర్లు. దీని నడుమ నుంచి హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు పోతుంది. మన్ననూరు గేటు దాటితే దోమలపెంట వచ్చేదాకా యాభై కిలోమీటర్లకు పైగా రెండు పక్కలా అడవే. రాత్రి తొమ్మిదికి గేటు వేస్తారు, పొద్దున ఆరుకు తీస్తారు. రాత్రిపూట రోడ్డు దాటే జంతువులు బండ్ల కింద పడకుండా ఆ ఏర్పాటు. పగటిపూట బండ్ల నుంచి అడవిని కాపాడే ఏర్పాటులో నేనూ ఒక భాగం.

మాఘమాసం వచ్చేసరికి చిరుమాను, ఏగిస, తునికి అన్నీ ఆకు దులుపుకుంటాయి. మోకాలి కింది దాకా ఎండుటాకు. నడిస్తే అప్పడాలు విరిగినట్టు చప్పుడు. అప్పుడు మొదలవుతుంది నా పని. అడవిలో అడ్డంగా, నిలువుగా బాటల్లాగా గీతలు గీస్తాం. వాటిని ఫైర్ లైన్లు అంటారు. గీత అంటే మరేం లేదు, ఆకూ గడ్డీ లేకుండా ఒట్టి నేల కనబడే దారి. నిప్పు అక్కడిదాకా వస్తుంది, తినడానికి ఏమీ దొరక్క ఆగిపోతుంది. నేను రాకముందు ఈ పని కొమ్మలతో, చీపుర్లతో చేసేవాళ్లట. రోడ్డుకు రెండు పక్కలా గడ్డి కోసి ఊడ్చే పని ఇంకొకటి. దాన్ని వ్యూ లైను అంటారు. నాకు ఆ పని అస్సలు నచ్చదు. ఎందుకో చెబుతాను.

అడవి లోపల ఊదితే ఆకులు లేస్తాయి. రోడ్డు పక్క ఊదితే సిగరెట్టు పీకలు లేస్తాయి. ఆకులతో పాటు ఎగిరి, కొంచెం దూరం పోయి, తెల్లగా, పసుప్పచ్చగా కుప్ప పడతాయి. మలుపుల దగ్గర ఎక్కువ. లోయ కనబడే చోట, ఫోటోలు దిగే చోట, ఇంకా ఎక్కువ. ఒకరోజు మామ ఒక పీకను ఏరి, అరచేతిలో పెట్టుకుని, గోటితో కాగితం చీల్చాడు. లోపల దూదిలాంటిది ఉంది. కుర్రాడు దూదే అనుకున్నాడు. నీళ్లసీసా మూతలో వేసి నానబెట్టి, వేళ్ల మధ్య నలిపాడు. అది చివికిపోలేదు, పోగులు పోగులుగా సాగింది. అది దూది కాదు, సెల్యులోజ్ ఎసిటేట్ అనే ఒక రకం ప్లాస్టిక్ అని అటవీశాఖ బీట్ ఆఫీసర్ చెప్పారు. ఏళ్ల తరబడి మట్టిలో అట్లాగే ఉంటుంది. ఆరిన పీక చేసే చెరుపు అది. ఆరని పీక సంగతి వేరు.

పడిన ప్రతి పీకా అడవిని అంటించదు. ఈ మాట నేను దాచను. వానాకాలంలో పడితే తడిసి చస్తుంది. తారు రోడ్డు మీద పడితే అక్కడే బూడిదవుతుంది. పీకల్లో చాలావరకు అలాగే పోతుంటాయి కాబట్టే విసిరే చేతికి భయం లేకుండా పోయింది. ఇన్నేళ్లుగా విసురుతున్నాను, ఏమైంది అనుకుంటాడు. ఏమైందో చూడటానికి అతను అక్కడ ఉంటే కదా! నిమిషంలో కిలోమీటరు దూరం పోయి ఉంటాడు.

కానీ ఫాల్గుణం, చైత్రం మధ్యాహ్నాలు వేరు. గాలిలో తేమ నాలుగోవంతుకు కూడా పడిపోతుంది. గడ్డి ఊచ వంచితే పుటుక్కుమంటుంది. వెలుగుతున్న సిగరెట్టు కొస, ఎవరూ పీల్చకుండా ఉన్నప్పుడు కూడా, ఆరువందల డిగ్రీల దాపున ఉంటుంది. ఎండుగడ్డి అంటుకోవడానికి అందులో సగం చాలు. పైగా కారు కిటికీలోంచి విసిరిన సిగరెట్టుకు గాలి కొట్టి కొస ఇంకా ఎర్రబడుతుంది. మన ఇళ్లలో పొయ్యి ఊదితే ఏమవుతుందో అదే. పది పన్నెండు నిమిషాలు అది గడ్డిలో పడి లోలోపలే రగులుతూ ఉండగలదు. పొగ కూడా పెద్దగా కనబడదు. గాలి ఒక్కసారి వీచిందా, మంట.

ఆ రోజు సంగతి చెబుతాను. శివరాత్రి వెళ్లి మూడు వారాలైంది. వటవర్లపల్లి దాటాక, రోడ్డుకు ఎడమ పక్క గుట్ట ఎక్కే చోట, ఒక చిన్న కల్వర్టు ఉంది. మధ్యాహ్నం రెండు కావస్తోంది. మామా, కుర్రాడూ కల్వర్టు నీడలో సద్ది విప్పుకున్నారు. నేను కల్వర్టు గోడ మీద, సిమెంటు మీద చల్లారుతున్నాను. ఎదురుగా ఒక కారు వచ్చింది. అద్దాలన్నీ మూసి ఉన్నాయి. డ్రైవరు పక్క అద్దం మాత్రం నాలుగు వేళ్లు దించి ఉంది. ఆ సందులోంచి ఒక చెయ్యి మోచేతి దాకా బయటికి వచ్చి ఉంది, వేళ్ల మధ్య సిగరెట్టు. కారులోపలికి వాసన రాకూడదు, సీటు మీద నిప్పురవ్వ పడకూడదు, వెనక సీట్లో పడుకున్న పిల్లలకు పొగ తగలకూడదు. అంత జాగ్రత్త ఉంది ఆ చేతికి. ఆఖరి దమ్ము లాగి, బొటనవేలితో మీటి వదిలేసింది. రోడ్డు మీద పడి రవ్వలు చిమ్మింది, దొర్లింది. కారు వెనకే వచ్చిన బస్సు గాలికి ఎగిరి అవతలి అంచున బోదగడ్డిలో పడింది.

మామ చేతిలో ముద్ద అలాగే ఉంది. చూశాడు. ముద్ద గిన్నెలో వేసి లేచాడు. రోడ్డు దాటడానికి వరసగా మూడు బండ్లు అడ్డం వచ్చాయి. అవి పోయేసరికి గడ్డిలోంచి దారంలాంటి తెల్లటి పొగ లేస్తోంది. ఆయన చేరేసరికి అది దారం కాదు. గుట్ట ఏటవాలు, గాలి కింది నుంచి పైకి. నిప్పు ఎప్పుడూ గుట్ట దిగడం కన్నా ఎక్కడంలో తొందరపడుతుంది. పది డిగ్రీల వాలుకు దాని వేగం దాదాపు రెట్టింపవుతుందని బీట్ ఆఫీసర్ కొత్త వాచర్లకు చెబుతుంటారు. కింద ఉన్న మంట పైన ఉన్న గడ్డిని ముందే ఎండబెట్టి పెడుతుంది మరి.

ఫోన్ సిగ్నల్ లేదు. మామ పచ్చి కొమ్మ విరుచుకుని అంచు మీద కొట్టడం మొదలుపెట్టాడు. కుర్రాడు నన్ను ఎత్తుకుని పరుగున వచ్చి, తాడు గుంజి, కాలిన నేల మీద నిలబడి మంట మీదికి ఊదాడు. వాడికి ఇరవై ఏళ్లు కూడా లేవు. వెనక నుంచి వచ్చాడు కాబట్టి వెనక నుంచే ఊదాడు. నా గాలికి మంచీ చెడూ తెలియదు. మండుతున్న ఆకుల్ని ఎత్తి, ఇంకా కాలని గడ్డిలోకి చల్లాను. రెండు చోట్ల కొత్తగా అంటుకుంది. నా జన్మలో నేను అడవికి చేసిన చెరుపు అదొక్కటే, అది తలుచుకుంటే ఈ రోజుకీ నాకు బాధగానే ఉంటుంది.

"గిటు నుంచి కాదు అల్లుడా! అవుతలికి పోయి లోపలికి కొట్టు!" మామ అరిచాడు. నా మోతలో వాడికి వినబడలేదు. మామే వచ్చి వాడి భుజం పట్టి తిప్పాడు. పక్క నుంచి చుట్టి, కాలని దిక్కున నిలబడి, మండే ఆకుల్ని కాలిన నల్లటి నేల మీదికే తోశాం. అక్కడ మండడానికి ఇంకేమీ లేదు కాబట్టి మంట చస్తుంది. అలా ఒక పక్క అంచు పట్టుకుని అడుగు అడుగూ పైకి. వాడి కనుబొమ్మలు మాడిపోయాయి. మామ కొమ్మ మూడుసార్లు మారింది. ఎవరో బైకు మీద పోతున్నవాళ్లు కబురు చెబితే బేస్ క్యాంపు నుంచి మరో ముగ్గురు, రెండు మిషన్లు వచ్చాయి. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాలు చూసి నిప్పు జాడ చెప్పే మెసేజ్ పంపుతుంది. అది అధికారుల ఫోన్లకు వచ్చేసరికి మేం గుట్ట సగం ఎక్కేశాం. ఉపగ్రహం తప్పేం లేదు. అది ఆకాశంలో పోయేటప్పుడు పోతుంది. దాని కంటికి 375 మీటర్ల పొడవూ వెడల్పూ ఉన్న నేల ఒక చుక్క. ఆ చుక్కలో వేలెడంత పీక పడిన సంగతి మామ కంటికే తెలుస్తుంది.

చీకటి పడే వేళకు మంట గుట్ట నెత్తిన ఆగింది. రెండు రోజుల ముందు నేను అక్కడ ఒక గీత ఊదాను. దాని దగ్గరికి వచ్చి, కొంచెంసేపు అటూ ఇటూ వెతికి, చచ్చిపోయింది.

ఎనిమిది ఎకరాలు. పేపర్లో వేసేంత వార్త కాదు. పెద్ద చెట్లు చావలేదు, మొదళ్లు మసిబారాయంతే. రోడ్డు మీద పోయేవాళ్లకు ఏమీ జరగనట్టే ఉంటుంది. మర్నాడు పొద్దున నన్ను వీపున వేసుకుని, ఎక్కడైనా కొరకంచు మిగిలిందేమో చూడటానికి మామ ఆ గుట్టంతా నడిచాడు. ఏగిస మొక్కలు, మోకాలెత్తు ఉండేవి, ఒక్కటి లేదు. కౌజు పిట్ట గూటిలో ఆరు గుడ్లు, పగుళ్లు వారి నల్లగా. ఒక బండ వారగా నక్షత్ర తాబేలు. పాపం దాని డిప్ప మీద ఆ పసుపు చుక్కలు మసి కింద ఇంకా కనబడుతున్నాయి. పరిగెత్తగలిగినవి పరిగెత్తుతాయి. తాబేలుకు చేతనైంది డిప్పలోకి ముడుచుకోవడమే. అది పులి నుంచి కాపాడుతుంది గానీ నిప్పు నుంచి కాపాడదు. మామ దాన్ని చేత్తో తీసి గుంట తవ్వి పూడ్చాడు. ఆయన ఏటేటా బంక తీసే తపసి చెట్టు బెరడు ఒక పక్క కాలి బీటలు వారింది. దాని దగ్గర కాసేపు నిలబడ్డాడు. ఏమీ అనలేదు.

తరవాత బీట్ ఆఫీసర్‌కు రోడ్డు అంచున నిప్పు మొదలైన చోటు చూపించాడు. అక్కడి నుంచి కాలిన నేల విసనకర్రలా పైకి విచ్చుకుంది. విసనకర్ర పిడి దగ్గర, గడ్డి మొదళ్ల మధ్య, కరిగి ముద్దయిన పీక. చిటికెన వేలి గోరంత.

ఆ మధ్యాహ్నమే అక్కడ ఒక బండి ఆగింది. మంచినీళ్లు తాగుతూ ఒకాయన నల్లటి గుట్టను చూసి, మామను చూసి, "మీ చెంచోళ్లే పెట్టారా ఈ మంట?" అన్నాడు. చెడ్డగా ఏమీ అనలేదు, మామూలుగానే అడిగాడు. అడవిలో నిప్పు అనగానే అడవిలో ఉండేవాడి మీదికి పోతుంది జనం చూపు. తునికాకు కోసం, ఇప్పపూవు కోసం, కొత్త గడ్డి కోసం అడవుల్లో నిప్పు పెట్టేవాళ్లు ఉన్నారు, లేరని నేను అనను. మన దేశంలో అడవి మంటల్లో చాలా భాగం మనిషి చేతి వల్లనే అని అటవీశాఖ వాళ్లు ఏటా చెబుతూనే ఉన్నారు. కానీ ఆ మనిషి చెయ్యి అన్నప్పుడు అందులో కారు అద్దంలోంచి బయటికి వచ్చిన చెయ్యి కూడా ఉంది. మామ ఇల్లు పెంటలో, అంటే చెంచుల గూడెంలో, ఉంది. దాని కప్పు బోదగడ్డిదే. తన ఇంటి కప్పు గడ్డికి తానే నిప్పు పెట్టుకుంటాడా ఎవడైనా? ఆ పెద్దమనిషికి మామ ఈ మాట చెప్పలేదు. మళ్లీ చల్లటి నీళ్లు ఎక్కడ దొరుకుతాయో చెప్పి పంపాడు.

అడవిని తగలబెట్టడం ఒక్కటే కాదు ఆ పీక చేసేది. నేను జీపు వెనక తిరిగేటప్పుడు చూశాను. ముందు కారులోంచి విసిరిన సిగరెట్టు వెనక బైకు మీద వస్తున్న మనిషి మీద పడింది. వెనక భార్య, మధ్యలో పాప. రవ్వ కంటి దగ్గర తగిలి బండి వంకర్లు పోయింది. దేవుడి దయ, పడలేదు. అచ్చంపేట దిక్కు నుంచి పత్తి నింపుకున్న లారీలు వస్తాయి. పట్టా కప్పినా అంచుల్లోంచి పత్తి బయటికి వేలాడుతూ ఉంటుంది. దాని మీద ఒక్క రవ్వ పడితే డ్రైవరుకు తెలిసేసరికి సగం లోడు కాలుతుంది. విసిరినవాడి కారుకు కూడా గ్యారంటీ లేదు. వెనక కిటికీ తెరిచి ఉంటే, ముందు కిటికీలోంచి పోయిన నిప్పు గాలికి తిరిగి అందులోంచి లోపలికి రావచ్చు. వెనక సీట్లో పిల్లలు పడుకుని ఉంటారని చెప్పాను కదా.

ఈమధ్య ఒకరోజు గేటు దగ్గర ఒకమ్మాయి మామతో చాలాసేపు మాట్లాడింది. వాళ్లది పాలమూరు, ఇప్పుడు సిడ్నీలో ఉంటోందట. శ్రీశైలం మొక్కు తీర్చుకోవడానికి వచ్చింది. నా గొట్టం పట్టుకుని ఇదేం మిషనని అడిగింది. మామ చెప్పాడు. అప్పుడు ఆమె వాళ్లుండే న్యూ సౌత్ వేల్స్ సంగతి చెప్పింది. 2019–20 వేసవిలో అక్కడి అడవులు నెలల తరబడి కాలాయి. ఆ మంటలు ఇంకా ఆరకముందే, 2020 జనవరిలో, చట్టం గట్టి చేశారు. బండిలోంచి వెలిగిన సిగరెట్టు విసిరితే డ్రైవరుకు 660 డాలర్ల జరిమానా, లైసెన్సు మీద అయిదు పాయింట్లు. నిప్పు రాజెయ్యడమే నిషేధించిన రోజుల్లో అయితే రెండూ రెట్టింపు, 1,320 డాలర్లు, పది పాయింట్లు. మూడేళ్లలో పదమూడు పాయింట్లు పడితే లైసెన్సు సస్పెండ్ చేస్తారు. చూసినవాళ్లు ఎవరైనా బండి నంబరు రాసి ఫిర్యాదు చెయ్యొచ్చు.

మామ శ్రద్ధగా విన్నాడు. "మనకు లేదా చట్టం?" అన్నాడు బీట్ ఆఫీసర్‌తో.

ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972. అందులో 30వ సెక్షను. అభయారణ్యానికి ముప్పు కలిగేలా నిప్పు పెట్టకూడదు, రాజెయ్యకూడదు, మండుతున్న నిప్పును వదిలి పోనూకూడదు. ఆరని పీకను విసిరి పోవడం అంటే మండుతున్న నిప్పును వదిలి పోవడమే. చట్టం యాభై ఏళ్ల కిందటే రాశారు. పట్టుకోవడమే కష్టం. యాభై కిలోమీటర్ల రోడ్డు, పండగ రోజుల్లో వేల బండ్లు, చేతివేళ్ల లెక్కన వాచర్లు. మామ కళ్లారా చూసిన ఆ కారు నంబరు కూడా మలుపులో పోయింది.

అందుకే నేను బతిమాలుతున్నాను. మీ కొత్త కార్లలో యాష్‌ట్రే రావడం లేదు, నాకు తెలుసు. మూత గట్టిగా పట్టే ఒక చిన్న స్టీలు డబ్బా, అడుగున గుప్పెడు ఇసుక. అంతకన్నా ఏం అక్కర్లేదు. బండి నడుపుతూ అసలు వెలిగించకపోతే మరీ మంచిది, మీ చెయ్యి స్టీరింగు మీదే ఉంటుంది. మీ పక్కన కూర్చున్న బావగారో, స్నేహితుడో అద్దం దించి చెయ్యి బయటపెడితే మొహమాటపడకండి, ఆపమని చెప్పండి. ఆ ఒక్క మాటకు వాళ్లు అలిగినా సాయంత్రానికి మామూలవుతారు. కాలిన ఏగిస మొక్క మళ్లీ మోకాలెత్తు రావడానికి ఎన్ని వానలు కావాలో మామను అడగండి.

నన్ను మోసే మనిషి పదికిలోల పెట్రోలు మిషనును దించడానికి బండ వెతుక్కుంటున్నాడు. మీ చేతిలో ఉన్నది ఒక గ్రాము. మన్ననూరు గేటు పక్కన సిమెంటు దిమ్మె ఒకటి ఉంది, రోజూ పొద్దున ఆరింటికి నేను దాని మీదే ఉంటాను. మీ సిగరెట్టు అక్కడ నాకు దూరంగా నొక్కి ఆర్పి, నీళ్లు చిలకరించి, పీక డబ్బాలో వేసుకుని, అద్దం పైకెత్తి, అప్పుడు అడవిలోకి రండి.